సోన్ బ్రిడ్జి మీద నుంచి పాలు పితికిన రోజు

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఒకటి, మాటమాటకీ చేతి గడియారం చూసుకోవడం. రెండోది, ఇంట్లోవాళ్లకు లోకం చూపించాలనుకోవడం. నాకు రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. పట్నం పాతబస్తీలోని ఛత్రినాకలో మా ఇంటి వెనక రేకుల కొట్టం కింద బర్రెలుండేవి. వాటి పాలతోనే మేం చదువుకున్నాం, తిన్నాం, బతికాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అమ్మ పాలు పితికేది. ఆ రెండు వేళల మధ్య వెళ్లి రాగలిగినంత దూరమే ఆమె చూసిన ప్రపంచం. చుట్టాల పెళ్లికి పోయినా అక్షింతలు వేసి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని పరుగున వచ్చేది. కారణం రాణి. మా కొట్టంలో పెద్ద బర్రె, దానికి తగ్గ పొగరు. అమ్మ చెయ్యి పడితే తప్ప చుక్క పాలు చేపేది కాదు. అమ్మకు జ్వరమొస్తే మా బాపు అమ్మ చీర చుట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని పొదుగు దగ్గర కూర్చునేవాడు (పాలవాళ్ల ఇళ్లలో ఇది వింతేమీ కాదు, కానీ మా బాపువి బుర్ర మీసాలు). ఒక్కోసారి ఆ ఎత్తు పారేది. ఒక్కోసారి రాణి వెనక్కి తిరిగి, కొంగు కింద మీసాలను పోల్చుకుని, కాలు విసిరేది.

"గంగల ఒక్క మునుగు మునిగితె సాలు బిడ్డా" అని అమ్మ ఎప్పుడూ అనేది. గంగ అంటే మాకు గోదారే. నిర్మల్ తోవలో సోన్ అనే ఊరుందనీ, అక్కడ గోదారి మీద నిజాం కాలపు రాతి బ్రిడ్జి ఉందనీ, పొద్దున పాలు పితకడం కాగానే బయల్దేరితే సాయంత్రం పాల వేళకు తిరిగి రావచ్చనీ లెక్క వేసి, నేను ప్రైవేటు బండి మాట్లాడాను. డ్రైవర్, పక్కనే హుస్సేనీ ఆలం గల్లీలో ఉండే చాచా. బండెక్కేముందు అమ్మ ఒక్కటే మాట చెప్పింది.

"టైముకు రాకుంటె రాణి పొదుగు వాస్తది. గట్లయిందంటె ఇగ సచ్చేదాంక నేను గడప దాట. ఇప్పుడే చెప్తున్న."

"ఫికర్ నక్కో అమ్మా, పాల టైముకు ఇంటి ముంగట దింపుతా" అన్నాడు చాచా. నేను గడియారం చూసుకుని గంభీరంగా తలూపాను.

దారంతా నేను ఆ బ్రిడ్జి గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ మాత్రం రోడ్డు పక్కన కనిపించిన ప్రతి బర్రెకూ మార్కులు వేసుకుంటూ వచ్చింది. "దీని కొమ్ములు మంచిగున్నయ్." "దీనికి సరిగ తిండి పెడ్తలేరు." సోన్‌లో దిగి, గోదారిలో మునిగి, పసుపు కుంకుమ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఇంటి నుంచి తెచ్చిన పాల క్యాను నిండా గంగనీళ్లు పట్టుకుంది. పూజకేమో అనుకున్నాను. రొట్టెలు, టమాట తొక్కు తిన్నాక బ్రిడ్జి మీదికి నడిచాం. అప్పటిదాకా వాగిన నా నోరు అక్కడ దానంతటదే మూతపడింది. అంత పెద్ద నది, దాని మీద రాతి కమానులు వరసగా అవతలి ఒడ్డు దాకా! ఎన్ని వరదలు చూసిందో, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. అమ్మ పిట్టగోడను అరచేత్తో నిమిరింది.

"ఎవరు గట్టిండ్రోగని వాళ్ల కడుపు సల్లగుండ. బర్రె కాలు తడ్వకుంట అవుతల పడ్తది" అంది.

ఆ మాట అంటుండగానే ఊరి బర్రెల మంద ఒకటి వచ్చి, బ్రిడ్జి వైపు చూడనైనా చూడకుండా తిన్నగా నదిలోకి దిగింది. మెడల దాకా మునిగి, కళ్లు మూసుకుని, ముక్కులు పైకెత్తి, హాయిగా ఉండిపోయాయి. అమ్మ పిట్టగోడ పక్కన అలాగే కూలబడి చూస్తూ ఉండిపోయింది.

"మన రాణి పుట్టినకాడికెల్లి పైపు నీళ్లే సూసింది గదరా" అంది.

బయల్దేరాల్సిన వేళ అయింది. "బాబూ, టైమ్ హోగయా" అని చాచా కింద నుంచి కేకేశాడు. అమ్మకు చెబుదామని వంగి ఆమె ముఖం చూశాను. నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా నవ్వుతోంది. అమ్మ పాలవేళ మరిచిపోవడం నా జన్మలో అదే చూడటం. గడియారం తీసి జేబులో వేసుకుని, చాచాకు ఊరుకోమని సైగ చేశాను.

ఎండ తగ్గాక ఫోను మోగింది. బాపు. స్పీకరు పెట్టాను.

"యాడున్నర్రా? రాణి సేపుతలేదు. చీర గూడ కట్టుకున్న. తన్నింది!"

అమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో నా తల్లీ! నాకు యాదికే రాలే!" అని బండి వైపు పరుగెత్తింది. అక్కడి నుంచి ఛత్రినాక ఎంత దూరమో గుర్తొచ్చినట్టుంది, సగంలో ఆగిపోయింది. తిరిగొచ్చి నా చేతిలో ఫోను లాక్కుంది.

"ఆ ఫోను దాని చెవుకాడ పెట్టుండ్రి" అంది బాపుతో. ఆ పైన బ్రిడ్జి మధ్యలో గొంతుక్కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ ముందుకు చాపి, గాలిలోనే పాలు పితకడం మొదలుపెట్టింది. "రాణీ... హో బిడ్డా... నేనీడనే ఉన్న... సేపు నా తల్లి సేపు... నీకు గంగనీళ్లు తెస్తున్న..." అటుగా పోతున్న సైకిలాయన దిగి నిలబడ్డాడు. కింద నుంచి పైకొచ్చిన చాచా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు మొదట సిగ్గేసింది (ఉద్యోగస్తుణ్ణి కదా!). తర్వాత నేను కూడా ఊపిరి బిగపట్టాను. ఫోనులో ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఖాళీ గిన్నెలో సుయ్ మని పాలధార పడిన చప్పుడు.

"సేపిందే! సేపింది!" అని బాపు అరిచాడు.

"సుభానల్లా!" అన్నాడు చాచా.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. "ఇగ పొద్దు మునిగేదాంక ఈడనే కూసుంటా. ఏం తొందరున్నది?" అంది. పొద్దు మునిగేదాకా కూర్చున్నాం. మర్నాడు పొద్దున ఆ క్యానెడు గంగనీళ్లనూ రాణి వీపు మీద పోసింది. ఆ తర్వాత అమ్మ వేములవాడకు పోయింది, భద్రాచలం పోయింది. ప్రతి పాలవేళకూ ఎక్కడున్నా ఫోను పట్టుకుని, గాలిలో చేతులాడిస్తూ కూర్చునేది.

ఇప్పుడు కొట్టం లేదు, రాణి లేదు, మా ఇంట్లోకీ ప్యాకెట్ పాలే వస్తున్నాయి. ఆఫీసు పని మీద నేనే ఊళ్లు తిరుగుతుంటాను. ఒక్కోరోజు అందరి మీదా మొహం ముడుచుకుని, ఎవరితోనూ పలక్కుండా లాడ్జి గదిలో కూర్చుంటాను. అప్పుడు అమ్మ ఫోను చేస్తుంది. "తిన్నవా బిడ్డా? నేనీడనే ఉన్న" అంటుంది, అచ్చం ఆ గొంతుతోనే. దానితో నాలో బిగుసుకున్నదేదో సడలి, రోజంతా దాచుకున్న కష్టసుఖాలన్నీ ధారగా చెప్పేస్తాను. నేను లోకం చూపించిన మా అమ్మ, అవతల ఊకొడుతూ వింటుంది. ఆ చేతులు గాలిలో ఆడుతూనే ఉంటాయని నా అనుమానం.