పెరట్లో పనస చెక్క పడవ

మా డొంకూరులో మీసం మొలిచిన ప్రతివాడూ సముద్రం మీదికి వేటకెళ్తాడు. నేనూ వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ వాంతులు చేసుకుని పడవ అడుగున చేపల పక్కన పడుకుని ఒడ్డుకు చేరాను. చివరికి మా నాన్నే, "సదువుకోరా, ఇది నీవల్ల కాదు" అన్నాడు. ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. రోజూ ఇచ్ఛాపురంలో రైలెక్కుతాను కాబట్టి, ఊళ్లో నన్ను రైల్లో వేటకెళ్లేవాడు అంటారు.

అలాంటివాడికి నలభై దాటాక పడవ కట్టాలన్న పిచ్చి పట్టింది. చిన్నది, తెరచాపతో నడిచేది. సముద్రం మీదికి కాదు లెండి, అంత మగతనం నాకెక్కడిది? ఊరి పక్కన ఏరు సముద్రంలో కలిసేచోట నిలకడగా ఉండే నీళ్లలోకి. ఊళ్లో అందరివీ ఇంజన్ల ఫైబర్ బోట్లు. నాకు కావాల్సింది ఒక్కటే, ఆ మగవాళ్లు నేను కట్టినదాన్ని చూసి "పడవ" అనాలి.

కవిటి తోటల్లో తుఫానుకి కూలిన పనస చెట్టు చెక్క తెచ్చాను. ఫోన్‌లో ఒక తెల్లాయన వీడియోలు చూస్తూ పెరట్లో పని మొదలుపెట్టాను. ఆయన ఒకసారి కోసిన చెక్క నేను మూడుసార్లు కోసేవాణ్ని, అయినా పొట్టిదయ్యేది. మా ఆవిడ ఆ ముక్కలతో హాయిగా నీళ్లు కాచుకునేది.

చెక్క నీళ్లు పీల్చకుండా జీడి తొక్కల నూనె పూయాలని నాకు తెలుసు. ఆ నూనె తగిలితే ఒళ్లు పొక్కుతుందనీ తెలుసు. చేతులకి బూడిద రాసుకోండమ్మా అని జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి రోజూ క్లాసు పీకేది నేనే మరి. నేను మాత్రం వట్టి చేతులతో పూసి, చెమట పట్టిందని ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాను. మర్నాడు ఉడకబెట్టిన చేమదుంపలాంటి మొహంతో డ్యూటీకి వెళ్లాను. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ రోజూ అరుగు మీద కూర్చుని నా పని చూసేది. నాన్న ఉన్నన్నాళ్లూ, ఆయన పడవ ఒడ్డుకు రాగానే మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేపలు గంపకెత్తుకున్న మనిషి. పడవ మాత్రం ఏనాడూ ఎక్కలేదు. మా ఊళ్లో ఆడవాళ్లు పడవెక్కరు. ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుందంటారు. అందుకే అమ్మ కొడుకు పనితనానికి మురిసిపోతోందని అనుకున్నాను.

పడవ పూర్తయ్యాక వ్యానులో వేసుకుని ఏటి దగ్గరికి తీసుకెళ్లాం. పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాను. నీళ్లలోకి తోస్తే ఎడమకి ఒరిగింది. కుడిపక్క ఇసుక బస్తా పెట్టాక నిలబడింది. ఒడ్డున చేరిన మగవాళ్లలో పెద్దవాడు మా పెదనాన్న. ఆయన పడవ చుట్టూ తిరిగి, చెక్క మీద వేలితో కొట్టి, "బాగానే కట్టినావురా. పడవే" అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడే అమ్మ పడవ అంచు పట్టుకుని, "నన్నోపాలి ఎక్కించవేట్రా" అంది.

పెదనాన్న అమ్మ వైపు చూడకుండా నాతో, "ఆడోలు పడవెక్కుతారేట్రా?" అన్నాడు.

అమ్మ అంచు మీద నుంచి చెయ్యి తీసేసింది. ఇన్నాళ్లూ అరుగు మీద కూర్చుని ఆవిడ చూసింది నన్ను కాదని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, కాస్త అమ్మ కోసం, ఎక్కువ నా కోసం. "పడవ" అన్న ఆ ఒక్క మాట కోసం మొహం కాల్చుకున్నవాణ్ని కదా.

"పెదనాన్నా, దీనికి ఇంజనుందా? వలుందా? ఇసక బస్తా పెడితే గానీ నిలబడనేదు. నువ్వు మొహమాటానికన్నావు గానీ, ఇది పడవేటి?" అన్నాను.

పెదనాన్న నన్ను చూశాడు. అమ్మని కూడా చూశాడు. "అవున్రా, కుడితి తొట్టి. ఎక్కించు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇసుక బస్తా తీసేసి ఆ పక్కన అమ్మని కూర్చోబెట్టాను. తెరచాపలో గాలి నిండింది, ఒడ్డు వెనక్కి జరిగింది. అమ్మ చెయ్యి నీళ్లలో వేసి, చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇంత బాగుంటాదని మీ నాన్న ఒక్కనాడూ సెప్పనేదురా" అంది.