సీసీ రోడ్డు కింద నల్లా పైపు

నేను బస్తీ దవాఖానలో ఏఎన్ఎంని. ఎల్బీనగర్ దాటి మన్సూరాబాద్ వైపు పోతే వచ్చే కొన్ని కాలనీలు నా పరిధిలోకి వస్తాయి. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, వానాకాలంలో ఇంటింటి జ్వరాల సర్వే నా పని. ఇవి కాక జనం అప్పగించే పనులు వేరే. వీధికుక్కలు పెరిగాయని నాకే చెబుతారు. స్తంభం మీద లైటు పోయినా నాకే చెబుతారు. ఒకాయన నన్ను దారిలో ఆపి, పక్కింటివాళ్ళు చేపలు కడిగిన నీళ్ళు తన గేటు ముందుకు వదులుతున్నారని పెద్ద పంచాయితీ పెట్టాడు. యూనిఫాం చీర కట్టుకున్న ఆడమనిషి కనబడితే సర్కారే నడిచొచ్చిందనుకుంటారు. ఆ సర్కారు నోరు తెరిచి ఒక మాట చెబితే మాత్రం చెవిన పెట్టరు.

ఆ ఏడాది వానలు పడ్డాక ఒక గల్లీలో కామెర్లు మొదలయ్యాయి. ముందు బడికి పోయే ఇద్దరు అక్కాచెల్లెళ్ళకు వచ్చాయి. తర్వాత కిరాణా కొట్టాయనకు, ఆ వెనకే జాకెట్లు కుట్టే ఆమెకు. అందరూ గల్లీ చివరి ఇళ్ళవాళ్ళే. మెయిన్ రోడ్డు దగ్గరున్న ఇళ్ళలో ఒక్కరి కళ్ళు కూడా పచ్చబడలేదు.

అక్కడ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్ళొచ్చే వేళకు క్లోరిన్ పరీక్ష సీసా పట్టుకుని పోయాను. నీళ్ళలో క్లోరిన్ ఉంటే మందు చుక్కలు వేయగానే పసుపురంగు తేలుతుంది. గల్లీ మొదటి ఇంట్లో తేలింది. చివరి ఇంట్లో ఎన్ని చుక్కలు వేసినా నీళ్ళు అలాగే ఉన్నాయి. పైగా ముక్కు దగ్గర పెట్టుకుంటే మోరీ మురుగు వాసన.

సంగతి అర్థమైంది. ఆ గల్లీలో నల్లా పైపు, మోరీ పక్కపక్కనే పోతాయి. ఎక్కడో పైపు పగిలింది. నీళ్ళొచ్చే వేళకు ప్రతి ఇంటివాళ్ళూ నల్లాకు నేరుగా మోటారు తగిలించి గుంజుతారు. ఆ గుంజుడుకు పగుల్లోంచి మోరీ నీళ్ళు కూడా పైపులోకి చేరుతున్నాయి. చేయాల్సింది రెండే. మోటార్లు ఆపాలి, పైపు తవ్వి బాగుచేయాలి.

కాలనీ సంఘం అధ్యక్షుడి దగ్గరికి పోయాను. ఆయన గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. గల్లీ చివర మూడంతస్తుల ఇల్లు. వెనక రేకుల గదులు రెండు కట్టి కిరాయికిచ్చాడు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"చూడమ్మా, మోటారు లేకపోతే మాకు బిందెడు నీళ్ళు రావు. అందరూ పెడుతున్నారు కాబట్టి మేమూ పెడుతున్నాం. వాళ్ళని ఆపమనండి, నేను ఆపుతాను."

"సార్, అందరు ఇదే మాట చెప్తున్నరు. మీరు అధ్యక్షులు, మీరు ఆపితే వాళ్ళు ఆపుతరు."

"అయినా మేం ఆర్వో నీళ్ళు తాగుతామమ్మా. మాకేం ఇబ్బంది లేదు."

"వెనక గదులల్ల ఉన్నోళ్ళకు ఆర్వో లేదు కదా సార్."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "పైపు తవ్వాలంటున్నారు. సీసీ రోడ్డు వేసి ఆర్నెల్లు కాలేదు. ఎంతమంది కాళ్ళు పట్టుకుంటే వచ్చిందో తెలుసా ఆ రోడ్డు? దాన్ని తవ్వితే మళ్ళీ ఎవరేస్తారు, మీరేస్తారా?"

రోడ్డు నేనెందుకు వేస్తాను? కానీ అందులో ఆయన తప్పు కూడా ఏం లేదనిపించింది. తవ్విన గుంత పూడ్చకుండా పోవడం మన ఊళ్ళో అందరూ చూసిందే.

నీళ్ళ ఆఫీసుకు పోయాను. వాళ్ళు ఒక ఇంజనీరు కుర్రాణ్ణి పంపారు. ఆయన మోటార్‌సైకిల్ దిగకుండానే గల్లీ మొదటి ఇంట్లోంచి నీళ్ళు తెప్పించుకుని, చుక్కలు వేసి, పసుపురంగు చూపించాడు. "బాగనే ఉన్నయి కదా మేడం."

"జర చివరికి రా సార్. రోగాలు ఆడ ఉన్నయి, ఈడ లేవు."

చివరికి కూడా వచ్చాడు. అప్పటికి నల్లా బందయింది. సంపులో నీళ్ళు పరీక్షిస్తే లెక్కలోకి రాదన్నాడు. రోడ్డు తవ్వాలంటే రోడ్ల వాళ్ళ పర్మిషన్ కావాలన్నాడు. రోడ్ల వాళ్ళని అడిగితే నీళ్ళ వాళ్ళు రాసి పంపాలన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య తిరిగినన్నాళ్ళూ నా చెప్పుల కంటే నా నోరే ఎక్కువ అరిగింది.

చేసేదేం లేక ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచి తాగమని చెప్పాను, క్లోరిన్ బిళ్ళలు పంచాను. అధ్యక్షుడి ఇంటి వెనక రేకుల గదిలో ఉండే కుటుంబానికి అందరికంటే ఎక్కువసార్లు చెప్పాను. ఆ ఇంట్లో కోడలు నెలలు నిండుతున్న మనిషి, తొలి కాన్పు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చారు. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో నడుపుతాడు. అత్త అడ్డా మీది కూలి. సిమెంటు కలిపి, రాళ్ళు మోసి కొడుకును పెంచింది. మామ ఎప్పుడో పోయాడు.

ఈ రకం కామెర్లు మామూలు మనిషికి వస్తే కొన్నాళ్ళు పడుకోబెట్టి పోతాయి. నెలలు నిండిన గర్భిణికి వస్తే ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే నా భయం.

"పెద్దమ్మా, పిల్లకు కాచిన నీళ్ళే ఇయ్యి. మర్శిపోకు."

"కాచిన నీళ్ళు సప్పగుంటయ్ బిడ్డా. దానికి సయిస్తలేవ్. కక్కుకుంటది."

"బిళ్ళలిచ్చిన కదా, బిందెల ఏసినవా?"

"ఏసిన. దవాఖాన వాసనొస్తున్నదని పారబోసిన."

మోరీ వాసన వస్తే తాగుతారు, మందు వాసన వస్తే పారబోస్తారు. ఆ పూట ఇంటికొచ్చి మా ఆయన మీద కారణం లేకుండా అరిచాను. పాపం, ఆయన అడిగింది కూరలో ఉప్పుందా అని మాత్రమే.

ఆ తర్వాత కొద్దిరోజులకు ఆ కోడలు నెలవారీ పరీక్షకు వచ్చింది. బీపీ పట్టీ చుడుతూ ముఖంలోకి చూశాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి. తిండి లోపలికి పోవడం లేదంది, మూత్రం చిక్కటి టీ రంగులో వస్తోందంది. డాక్టరమ్మ చూసి వెంటనే పెద్దాసుపత్రికి రాసింది. "ఇవ్వాళ్ళే పోవాలె, రేపనొద్దు" అని అత్తకు నేను చెప్పాను, ఫోన్లో భర్తకు చెప్పాను. ఇద్దరూ సరే అన్నారు.

మర్నాడు పొద్దున పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే అట్లాంటి మనిషి ఎవరూ రాలేదన్నారు. ఉరుకుతూ పోయాను. గదిలో కోడలు చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అత్త పక్కన కూర్చుని విసురుతోంది.

"పెద్దాసుపత్రికి పోలేదా?"

"తుర్కయంజాల్ కాడ పసరు పోస్తరు బిడ్డా, మస్తు పేరుంది. పొద్దుగాలనే పోయించుకొచ్చినం. మూడు పూటలల్ల దిగుతదన్నడు. ఉప్పు, నూనె ముట్టొద్దన్నడు."

ఒంగి పిల్ల భుజం తట్టాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. పేరు పెట్టి పిలిస్తే ముద్దగా ఏదో అంది. అంతకు ముందురోజు నాతో చక్కగా మాట్లాడిన మనిషి.

"ఎప్పట్నుంచి గిట్ల మత్తుగుంది?"

"నిద్రపోతున్నది బిడ్డా. పసరు మంచిగ పనిజేస్తున్నది."

"పసరు కాదు పెద్దమ్మా, రోగం నెత్తికెక్కుతున్నది! లేవ్, బట్టలు సర్దు!"

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే దగ్గర్లో బండి లేదు, ఆలస్యమవుతుందన్నారు. భర్త ఆటో దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నేను గేటు దగ్గర నిలబడి అరుస్తుంటే పైనుంచి ఇంటాయన, అదే అధ్యక్షుడు, దిగొచ్చాడు. సంగతి విని వెంటనే కారు తీశాడు. వెనక సీట్లో తనే దుప్పటి పరిచి, పిల్లను పడుకోబెట్టడానికి చేయి వేశాడు. దారి పొడుగునా హారన్ మీద చేయి తీయలేదు. సిగ్నల్ దగ్గర అద్దం దించి ముందున్న వాళ్ళని బతిమాలాడు. "బాబూ, దారివ్వండి, కడుపుతో ఉన్న పిల్ల" అన్నాడు. మోటారు ఆపమంటే ఆపని మనిషి ఈయనేనా అని వెనక సీట్లో పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని అనుకున్నాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దాసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. తర్వాతి రోజులు గడ్డుగా గడిచాయి. స్పృహ వస్తూ పోతూ ఉంది. నెలలు పూర్తిగా నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. చిన్న ప్రాణం, అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి రక్తం ఎక్కించారు. నా డ్యూటీ అయ్యాక బస్సెక్కి పోయి చూసొచ్చేదాన్ని. వార్డు బయట మెట్ల మీద అత్త కూర్చుని ఉండేది. అన్నం తినమంటే తినేది కాదు.

అక్కడి పెద్ద డాక్టరు ఒకరోజు ఆమెను పిలిచి, మీరు తాగే నీళ్ళలో మోరీ నీళ్ళు కలిశాయి, అందుకే ఇలా అయిందని చెప్పాడు. నేను గల్లీలో గొంతు చించుకుని చెప్పిన మాటే. ఆయన మెల్లగా, ఒక్కసారే చెప్పాడు. ఆమె వింది.

టీకాల కోసం పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి ఉన్న రోజు, దవాఖానకు ఫోన్ వచ్చింది. సంఘం అధ్యక్షుడు. "అమ్మా, మీ పేషెంటు వాళ్ళ అత్తగారు రోడ్డు పగలగొడుతోంది! వచ్చి ఆపండి!"

నా పేషెంటు అత్త కాబట్టి ఆమె చేసే పనులకు కూడా నేనే జవాబుదారీ అన్నమాట. టీకాలు ముగించి పోయేసరికి గల్లీ నిండా జనం. నడుమ ఆ అత్త, కొంగు నడుముకు చుట్టి, గడ్డపారతో కొత్త సీసీ రోడ్డును పొడుస్తోంది. పని తెలిసిన చేతులు. పెచ్చులు లేచిపోతున్నాయి.

"ఆపమ్మా! పోలీసుల్ని పిలవమంటావా?" అని ఇంటాయన అరుస్తున్నాడు.

"పిలువు సారూ! గీసొంటి రోడ్లు ఎన్నేసిన నేను! ఎట్లేసుడో తెలుసు, ఎట్ల తీసుడో తెలుసు. నా మనుమరాలు అద్దాల పెట్టెల ఉంది. నీ రోడ్డు నున్నగుంటే నాకేం ఫాయిదా?"

ఎవరూ ముందుకు పోలేదు. ఇంటాయన నావైపు చూశాడు. "చెప్పండమ్మా మీరైనా."

నేను చెప్పాను. "పెద్దమ్మా, పైపు ఆడ లేదు. ఇటు పక్క, మోరీ దిక్కు ఉంటది."

అంతే, ఇంటాయన తల పట్టుకున్నాడు. నిజానికి నాకూ సరిగ్గా తెలియదు. ఆమె నేను చూపించిన చోట పొడిచింది. అక్కడా పైపు లేదు. ఇప్పుడు రోడ్డుకు రెండు బొక్కలు.

కానీ ఆ రెండు బొక్కలు చేసిన పని నా తిరుగుడంతా చేయలేకపోయింది. రోడ్డు ఎలాగూ చెడింది కాబట్టి కాలనీవాళ్ళే నీళ్ళ ఆఫీసుకు గుంపుగా పోయి కేకలేశారు. పర్మిషన్ మాట ఎవరూ ఎత్తలేదు. మనుషులొచ్చి మేము తవ్విన చోటుకు మూడిళ్ళ అవతల తవ్వితే పైపు దొరికింది. మోరీ నీళ్ళలో మునిగి, తుప్పు పట్టి, నా అరచేయి పట్టేంత పగులు. ఎవరిదో పాత గుడ్డ ఆ పగుల్లోకి గుంజుకుపోయి ఇరుక్కుని ఉంది. చూసి కొందరు ఆడవాళ్ళు అక్కడే వాంతి చేసుకున్నారు. ఇంటాయన చాలాసేపు ఆ గుంత దగ్గరే నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి పనివాళ్ళకు టీ పంపించాడు.

కొత్త పైపు వేశారు. చివరి ఇంట్లో చుక్కలు వేస్తే పసుపురంగు తేలింది. కొత్త కేసులు మెల్లగా ఆగిపోయాయి.

తల్లీబిడ్డా బతికి ఇంటికొచ్చారు. చూడ్డానికి పోతే అత్త నాకు టీ ఇచ్చి, పక్కింటామెతో చెబుతోంది: "ఇంగ్లీషు మందు తర్వాత సంగతి గనీ, పసరు లోపలపడ్డది గాబట్టే మా పిల్ల బతికింది." నేను టీ గ్లాసు కింద పెట్టి ఆమెను చూశాను. పసిపిల్ల బరువు చూసి, తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దని చెప్పి లేచాను. "గొంతు తడుపనీకి జరంత?" అంది అత్త. "జరంత కూడ వద్దు!" అన్నాను. బయటికొస్తుంటే గేటు దగ్గర మోటారు చప్పుడు వినబడింది. పైపు కొత్తది కదా, ఇక ఏం కాదని అందరూ మళ్ళీ తగిలించారట.

కొన్నాళ్ళకు ఆ కుటుంబం తుర్కయంజాల్ దగ్గరికి ఇల్లు మారింది. అక్కడ బోరు నీళ్ళు, నల్లా బాధ లేదట. ఒకరోజు భర్త ఫోన్ చేశాడు.

"మేడం, పాపకు టీకా టైమైంది. ఎప్పుడు తీస్కరమ్మంటవ్?"

"నా దగ్గరికెందుకు? మీకు ఆడ్నే దగ్గర్ల దవాఖాన ఉంది. ఆడ ఏపియ్యి."

"ఆడ ఉన్నోళ్ళు మాకు తెల్వరు మేడం."

"తెల్వకపోతే పోయి తెలుసుకో. టీకా అదే టీకా. గంత దూరం పసిపిల్లను ఆటోల తీస్కరాకు, దుమ్ము, పొగ."

"సరే మేడం" అన్నాడు. బుద్ధిగా అన్నాడు కాబట్టి వింటాడనుకున్నాను.

బుధవారం టీకాల రోజు దవాఖాన తలుపు తీసేసరికి బయట ఆటో ఆగి ఉంది. అత్త ఒళ్ళో పిల్ల, పక్కన తల్లి. తల్లి ముఖం నిండుగా ఉంది, కళ్ళు తెల్లగా ఉన్నాయి. పిల్ల ముఖానికి దుమ్ము తగలకుండా తన కొంగు కప్పానని అత్త గొప్పగా చూపించింది. ఆ కొంగు కింద పిల్ల చెమటలో తడిసి ముద్దయి ఉంది. నేను తిట్టుకుంటూనే పిల్లను ఎత్తుకుని, తుడిచి, బరువు తూచే ఉయ్యాలలో వేశాను.