గుడ్ ఫ్రైడే జలకన్య

పెలికన్ రేవులో పిల్లల్ని భయపెట్టే హక్కు ఎవరికైనా రాసిచ్చారంటే అది ఓర్లిన్ క్వాషీకే. గుడ్ ఫ్రైడే నాడు సముద్రంలో మునిగితే మనిషి చేపైపోతాడన్నది టొబేగో దీవిలో తాతల నాటి మాట. దాన్ని చర్చి ఆదివారం బడిలో, అందరూ టాంటీ, అంటే అత్తా, అని పిలిచే ఓర్లిన్ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ముందు కాళ్ళు అతుక్కుంటాయి, ఆ తర్వాత మెడ పక్కన మొప్పలు లేస్తాయి అని ఆమె చెబుతుంటే పిల్లలు గబగబా మెడలు తడుముకునేవారు. మిగతా రోజుల్లో అదే మనిషి రేవులో రేకు పందిరి కింద బేక్ అనే రొట్టెలు నూనెలో వేయించి, ఉప్పుచేప పెట్టి అమ్మేది. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మూకుడుతోనే పెంచింది.

రోడ్డు నుంచి రేవుకు ఉన్నది ఒకటే బాట. అది హోటలు వారి కొబ్బరితోట మధ్య నుంచి పోతుంది. ఆ తోటలో కొత్త విల్లాలు కడతామనీ, బాటకు గేటు పెడతామనీ, ఇక మీదట తాము చీటీ ఇచ్చినవాళ్ళే సముద్రం దగ్గరికి వెళ్ళాలనీ హోటలువాళ్ళు బయలుదేరారు. సముద్రాన్ని వీళ్ళే తవ్వించినట్టు! హోటలు ఏప్రన్ కట్టుకుని, హోటలు చెప్పిన ధరకు అమ్మితే ఓర్లిన్‌కు కూడా చీటీ ఇస్తామని మేనేజరు కబురు పంపాడు.

"నా మూకుడిక్కూడా ఏప్రన్ కుట్టిస్తారేమో కనుక్కునిరా నాయనా" అని ఆమె ఆ కబురు తెచ్చినవాణ్ణి తిప్పి పంపింది.

తీరంలో ఏం కట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి, అనుమతికి ముందు ఊళ్ళో విచారణ జరగాలి. ఒక తరం పాటు జనం తెగకుండా నడిచిన బాట జనానిదే, దానికి గేటు పెట్టడానికి వీల్లేదు అన్నది నియమం. మనం నడవని రోజు ఎక్కడుంది అనుకుంటూ ఊరంతా ధీమాగా బడి హాల్లో వచ్చి కూర్చుంది.

హోటలు లాయరు లేచి చిన్నగా నవ్వాడు. "ఉందండీ ఒక రోజు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు మావాళ్ళు బాటకు అడ్డంగా గొలుసు వేస్తున్నారు. ఒక్క రోజు తెగినా తెగినట్టే. ఆ రోజు అక్కడ నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి."

ఎవరు లేస్తారు? ఆ రోజు సముద్రం వైపు తల తిప్పే మొనగాడు ఊళ్ళో లేడు. ఆ సంగతి తెలిసే ఆ రోజును ఎంచుకున్నారు, జిత్తులమారి పీనుగులు.

సాక్షిగా హోటలు కాపలాదారు ఎగ్బర్ట్ వచ్చాడు. గొలుసు వేసింది నిజమేననీ, పొద్దున్నే వెళ్ళి చూస్తే వేసింది వేసినట్టే ఉండేదనీ చెప్పాడు.

"మనిషన్నవాడు ఎవరూ రాలేదు మేడమ్."

"మనిషి కానిదేమన్నా వచ్చిందా?" అంది విచారణ జరిపే అధికారిణి, సరదాకి.

హాల్లో కిసుక్కుమన్నారు. ఎగ్బర్ట్ జలకన్య కథ తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అతను మాత్రం నవ్వలేదు. "వచ్చేది మేడమ్. ఏటా తెల్లారగట్ట నీళ్ళలో తలొకటి కనబడేది, పాట పాడేది. గొలుసు చూస్తే కదల్లేదు. మనిషైతే లోపలికెట్టా వస్తుంది? ఒక్క పరుగున ఇంటికొచ్చి పడేవాణ్ణి."

జనం పడీపడీ నవ్వారు. ఓర్లిన్ ఒక్కతే నవ్వలేదు. పక్కన చర్చి పెద్దలు, ముందు వరసలో తన దగ్గర చదువుకునే పిల్లలు. లేచి నోరు విప్పితే పరువు మూటగట్టి సముద్రంలో పారేసుకున్నట్టే. విప్పకపోతే ఆ సముద్రమే ఉండదు.

లేచింది.

"అది నేనే."

వెనక బెంచీలోంచి ఎవరో "ఓలమ్మో" అన్నారు.

"ఏడాదంతా సముద్రం పక్కనే ఉంటాను, దిగడానికి తీరదు. మూకుడు వదిలితే రొట్టె మాడుతుంది. ఆ ఒక్కరోజే బేరం ఉండదు, మనిషుండడు. ఆయన పోయినప్పట్నించీ ఏటా వెళ్తున్నా. గొలుసుకి తాళమెక్కడ ఏడ్చింది? ఎగ్బర్ట్ ఊరికే కొక్కేనికి తగిలించేవాడు. తీసి, దాటి, మళ్ళీ తగిలించేదాన్ని."

"బేరం పోతుందని ఎన్నైనా చెబుతారు" అన్నాడు లాయరు. "రుజువేది?"

ఓర్లిన్ ఎగ్బర్ట్ వైపు తిరిగింది. "ఏ పాటో నువ్వెవరికైనా చెప్పావా?"

"లేదు టాంటీ. దేవుడి పాట దయ్యం పాడిందంటే నన్ను చర్చిలోంచి గెంటేస్తారని భయమేసింది."

ఆమె కళ్ళు మూసుకుని, వాళ్ళ చర్చిలో చావులకు పాడే పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది, రెండోది అయింది. మూడోది ఆమెకు ఏనాడూ నోటికి రాలేదు, చర్చిలో ఊరికే పెదాలు ఆడిస్తుంది. అందుకని రెండోదే మళ్ళీ మొదలుపెట్టింది.

ఎగ్బర్ట్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అదే మేడమ్. జలకన్య కూడా రెండోదే రెండుసార్లు పాడేది. టాంటీ, నీ మూలంగా నాకెన్నేళ్ళు జ్వరం కాసిందో తెలుసా?"

"మరి తాళం?" అని అధికారిణి అడిగింది.

"తుప్పు పట్టి ఊడిపోయింది మేడమ్. కొత్తది అడిగితే, ఆ రోజు ఎవడొస్తాడులే, గొలుసు చాలన్నారు."

బాట ఒక్కరోజు కూడా తెగలేదనీ, అది జనానిదేననీ, బాట వదిలి కట్టుకునేట్టయితేనే హోటలుకు అనుమతి ఉంటుందనీ అధికారిణి ఆ మధ్యాహ్నమే రాయించింది. హాలు ఈలలతో దద్దరిల్లింది. ముందు వరసలోంచి ఓ బుడంకాయ వచ్చి ఓర్లిన్ మెడను పట్టి పట్టి చూసింది.

"మొప్పలేవి టాంటీ?"

"నీలాంటివాళ్ళు చూస్తారనే కాలర్ జాకెట్టు వేసుకుంటాను. పో."

మరుసటి గుడ్ ఫ్రైడేకి, క్రీస్తును పట్టిచ్చినందుకు ఏటా ఆ రోజు ఊరివాళ్ళు కట్టి కొట్టే జూడాస్ బొమ్మ మెడలో హోటలు గొలుసు వేలాడింది. ఓర్లిన్ ఎప్పట్లాగే తెల్లారగట్ట తెల్ల గౌనుతో బాటెక్కింది. చూస్తే తనకు ముందే ఊరంతా ఒడ్డున ఉంది. మోకాళ్ళ లోతులో నిలబడి ఎగ్బర్ట్ మాటిమాటికీ తన పాదాలు చూసుకుంటున్నాడు. ఏడాదికొకసారి తనొక్కదానిదిగా ఉన్న సముద్రం ఇక లేదని ఆమెకు చప్పున అర్థమైంది. ఛాతీలోతు నీళ్ళలోకి వెళ్ళి పాట ఎత్తుకుంది. రెండో చరణం అయ్యాక అలవాటుగా మళ్ళీ దానికే రాబోతుంటే, ఊరంతా కలిసి మూడోది అందుకుంది.