చిన్నమ్మ ఇంటి తలుపు

చిన్నప్పుడు నాకు ఆరాలు ఎక్కువ. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరి గొర్రె ఈనింది, అన్నీ నాకు కావాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదే" అని అమ్మ రోజుకోసారి అనేది. నేను వింటేగా.

తొంభైల చివర, నాకు పదేళ్లప్పటి మాట. ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో, వానలకు ముందు ఆడవాళ్లంతా ఒకచోట కూర్చుని విత్తనం వేరుశనక్కాయలు ఒలిచేవారు. మిషన్లో వేస్తే గింజ మీద పొర లేచిపోయి మొలవదు, అందుకని చేత్తోనే ఒలవాలి. ఆ రోజు మా పంచలో పదిమంది దాకా ఉన్నారు. పక్కింటామె ఎడమ చేత్తో ఒక్కొక్క కాయనే నేలకు నొక్కి ఒలుస్తోంది. మాకు చుట్టం కాదు గానీ నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె కుడి మణికట్టు బాగా వాచి ఉంది.

"చేతికేమైందే?" అని ఎవరో అడిగారు.

"తలుపు సందులో పడిందక్కా" అంది చిన్నమ్మ. అందరూ అయ్యో అన్నారు, మళ్లీ ఒలుపులో పడ్డారు.

నాకు ఆగలేదు. "చిన్నమ్మా, మీ ఇంటికి తలుపు యాడుండాది? చెదలు తినేసిందని గోనెపట్ట కట్టినారు కదా?"

కాయల చప్పుడు ఆగిపోయింది. ఆ గోనెపట్ట పక్కకు జరిపి ఆ ఇంట్లోకి పోని మనిషి అక్కడ ఒక్కరూ లేరు. అంటే అందరికీ ముందే తెలుసు.

"మెలి తిప్పినాడు" అంది చిన్నమ్మ, చాటలోని గింజల్ని చూస్తూ. "సంగటి సల్లగా ఉండాదంట."

అమ్మ నా మీద విరుచుకుపడింది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చినావు కదే. ఈ మాట బయటికొచ్చిందని దీని మొగునికి తెలిస్తే, రెండో చెయ్యి కూడా ఉంచడు."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అందరిలోకీ పెద్దదైన అవ్వ లేచి కాయలన్నీ మూట కట్టడం మొదలుపెట్టింది.

"రేపట్నించి దీని ఇంటి ముందర ఒల్చుకుందాం. ఆడ నీడ బాగుంటాది."

పోలీసు స్టేషనుకు బస్సులో అరగంట దారి. ఆ పేరు ఎవరి నోటా రాలేదు. చెయ్యి మెలితిప్పడం నేరమని కూడా ఎవరూ అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడు చిన్నమ్మ మొగుడు బయటికొచ్చి, గడప ముందు ఇంతమందిని చూసి నిలబడిపోయాడు.

"ఏమవ్వా, మా ఇంటి ముందరే దొరికిందా చోటు?"

"నీడుండాది లేప్పా" అంది అవ్వ, తల ఎత్తకుండా.

నాకు అనుమానమొచ్చి మధ్యాహ్నం పోయి చూశాను. అరచేయంత నీడ లేదు. అందరూ తల మీద కొంగు వేసుకుని చెమటలు కక్కుతూ ఒలుస్తున్నారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే "తెలుసులే" అంది.

వేసవి కదా, పడకలు కూడా ఇద్దరు ముగ్గురు అక్కడే వేసేవారు. కాయలున్నన్నాళ్లూ అతను చెయ్యెత్తలేదు. చిన్నమ్మ చేతి వాపు తగ్గింది. రెండు చేతులతో ఒలవడం మొదలుపెట్టింది, నవ్వింది కూడా. ఆమెకు అంత పెద్ద నవ్వుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు కాయలు అయిపోయాయి. ఎవరి చాట వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం చిన్నమ్మ మా ఇంటికొచ్చి వాకిట్లో నిలబడింది.

"అక్కా, ఒలిచేకి ఇంగా ఏమన్నా కాయలుండాయా?"

అమ్మ నిచ్చెన వేసుకుంది. అటక మీది మూట దించింది.

"ఉండాయి. ఇది మర్చేపోయినా చూడు."

అవి విత్తనానివి కావు. ఏడాదంతా మా పచ్చళ్లకూ పొడులకూ దాచుకున్నవి. ఇప్పుడే ఒలిచిపెడితే పురుగు పడుతుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. చిన్నమ్మ నా వైపే చూస్తోంది.

నోరు మూసుకుని, మూటకు రెండో కొస పట్టుకుని, అమ్మతోపాటు ఆ ఇంటి దాకా మోశాను.