కోపం కోసం వెతికిన అత్త

మా మేనత్త పోయిన వారం తిరుచానూరులో చనిపోయింది. లివర్ క్యాన్సర్. చివరి చూపుకు వచ్చిన వాళ్ళలో ఒకావిడ నా చేయి పట్టుకుని, "పాపం, లోపల ఎంత కోపం దాచిపెట్టుకోనుండిందో" అంది. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది.

అత్త మిద్దె మీద అక్యుప్రెషర్, ధ్యానం నేర్పేది. ఒళ్ళూ మనసూ వేరు కాదని తూర్పుదేశాల పాత వైద్యం చెప్పే మాటను మనసారా నమ్మింది. "కోపం లివర్లో దాక్కుంటాది. దిగులు ఊపిరితిత్తుల్లో, భయం కిడ్నీల్లో. ఊపిరి మీద మనసు పెట్టి కూచుంటే అన్నీ దిగిపోతాయి" అనేది. ఎవరినైనా ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేది. పరీక్షలప్పుడు నాకు తలనొప్పి వస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పట్టి నొక్కేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి, తలనొప్పి మాత్రం పోయేది. "సూడు, నొప్పి యాడుండాదో వేలికి తెలుస్తాది" అని నవ్వేది. ఆ చేతులంటే నాకు ప్రాణం.

రిపోర్టులు వచ్చాక, ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే పండ్లు పట్టుకుని వచ్చి మంచం పక్కన చేరారు. "ఎవురి మీద కోపం పెట్టుకోనుండారు మేడం? ఇడిచిపెట్టేయండి" అని మొదలుపెట్టారు. ఆమె పాఠం ఆమెకే అప్పజెప్పారు. ఈ జబ్బుకూ కోపానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినా అత్త చెవికెక్కలేదు. మందులు మానలేదు గానీ, రోజంతా ఆ కోపాన్నే వెతుక్కునేది. ఆడపడుచులకు ఫోన్లు చేసి క్షమించమని అడిగింది. గుడి దారిలో పూలమ్మే ఆమెను కూడా పిలిపించింది, బేరమాడినందుకట.

"యాడి కోపం లేమ్మా. నువ్వు ఒకనాడన్నా గట్టిగా మాట్లాడినావా?" అని పూలామె మూర మల్లెలు దిండు పక్కన పెట్టి వెళ్ళింది.

జబ్బు ఎలాగూ తీసుకుపోయేదే. ఉన్న నాలుగు రోజులూ ఆమెను నెమ్మదిగా ఉండనివ్వలేదే అన్నదే నా కడుపుమంట.

చివరి వారంలో ఒకరోజు మళ్ళీ మెట్ల మీద వాళ్ళ గొంతులు వినిపించాయి. అత్త దిండు మీంచి తల ఎత్తింది.

"వాళ్ళని రానీయొద్దు పాపా. నాకు ఎవురి మీదా కోపం లేదు. లేదంటే ఇనరే."

అంత గట్టి గొంతు ఆమెకుందని నాకు ఆ రోజే తెలిసింది. హమ్మయ్య, ఇప్పటికైనా అనింది కదా అనుకుంటూ వెళ్ళి తలుపు గడియ పెట్టాను.

వెనక్కి తిరిగేసరికి అత్త కుడివైపు పక్కటెముకల కింద, లివర్ ఉండే చోట, అరచేయి అదిమిపట్టుకుని, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా నా వైపు చూస్తోంది.