ఫీజు నోరు నొక్కిన రోజు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మాకు పిండిమిషను ఉండేది. ముందు గదిలో మిషను, వెనక గదిలో మా కాపురం. మిషనుకు పోయే కరెంటు తీగ మా గదిలోని బోర్డు నుంచి ప్లాస్టిక్ పైపులో గోడ వెంబడి సాగేది. ఆ పైపు కిందే మా తమ్ముడి ఉయ్యాల.

ఆ ఏడు శ్రావణమాసంలో పాత మోటరు చెడిపోతే మా నాయన అంతకంటే పెద్దది తెచ్చి బిగించాడు. తీగ మాత్రం పాతదే. ఉరుకుంద జాతరకు పోయేవాళ్లందరూ డబ్బాలతో మా వాకిట్లో వరుసకట్టారు. మిషను కాసేపు ఆడగానే ఫీజు పోయేది. నాయన మళ్లీ కట్టేవాడు, మళ్లీ పోయేది. "ఏమవ్వా, మీ మిషను గూడా ఒక్కపొద్దుండాదా?" అని ఒకామె మా జేజిని, అంటే నాయన వాళ్లమ్మను, ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. రాగి పోగులు ఇంకొన్ని కలిపి, లావుగా పేని ఫీజులో బిగించాడు. ఇక మిషను ఆగలేదు.

ఆ మోత నాకు సంతోషంగానే ఉండింది. ఉయ్యాల ఊపడానికి లోపలికి వచ్చిన జేజి ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చింది. పైపు మీద అరచేయి ఆనించి చూసింది. మెయిన్ స్విచ్చి దించేసింది.

నాయన కేకలేస్తూ వచ్చాడు. "ఇంతమంది నిలబడుకోనుంటే ఎందుకాపినావు మా?"

"జనం రేపొస్తారు లేప్పా. అంటుకుంటే ఈ పిల్లోడు వస్తాడా?"

చిన్నపిల్లాడి చేయి పట్టుకున్నట్టు నాయన చేయి పట్టుకుని పైపుకు ఆనించింది. తర్వాత నా చేయి. జ్వరమొచ్చిన నుదురులా కాలుతోంది. ఉయ్యాలకు సరిగ్గా పైన పైపు మెత్తబడి కిందికి వంగింది. "ఫీజు పోయి పోయి మనల్ని పిలిచె. నువ్వు దాని నోరు నొక్కితివి" అంది జేజి. నాయన తమ్ముణ్ణి ఎత్తుకుని బయటికి పోయాడు. మోటరుకు తగిన తీగ లాగేదాకా మళ్లీ మిషను వేయలేదు.

మోటరు లేచేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు గుంజుతుందని, ఆ రవ్వంత సేపు ఫీజు ఓర్చుకోవాలని, తీగ ఓర్వలేనంత గుంజుతూనే ఉంటే మాత్రం తెగిపోవాలని జేజి తర్వాతెప్పుడో చెప్పింది.

ఇప్పుడు ఆదోనిలో మా ఇంటి బోరుకు పెద్ద మోటరు వేశారు. బ్రేకరు ఊరికే పడిపోతోందని మా ఆయన పెద్ద బ్రేకరు పెట్టించారు. తీగ సంగతి అడిగితే, "నీకు అన్నిటికీ భయమే" అన్నారు. నిజమే. మా పాప దగ్గినా భయమే, దగ్గకుండా నిద్రపోయినా లేచి ఊపిరి చూస్తాను. ఏ భయం కాసేపు ఓర్చుకుంటే పోయేదో, ఏది నన్ను పిలుస్తున్నదో నాకే తెలియడం లేదు. చదివిన చదువు కూడా అది చెప్పలేదు. నా దగ్గర ఉన్నది జేజి నేర్పిన ఒక్క పనే. నోరు నొక్కే ముందు చేయి పెట్టి చూడటం.

ఈ సాయంత్రం మోటరు నడుస్తుండగా పాప మంచం పైనున్న కరెంటు తీగ పైపు మీద అరచేయి ఆనించాను. కాలుతోంది. మోటరు ఆపేశాను.

"ట్యాంకు నిండలేదు, ఎందుకాపినావే?" అని మిద్దె మీద నుంచి మా ఆయన అరిచారు. ఆయన దిగి వచ్చాక, చేయి పట్టుకుని పైపుకు ఆనించాను.

ఆయన చేయి తీసి, పైపు కిందున్న పాపను చూశారు. తర్వాత పాప మంచానికి ఒకవైపు పట్టుకుని నన్ను రెండోవైపు పట్టుకోమన్నారు.