చింతచెట్టు కింది కుప్ప

నిన్న బజారులో పచ్చి పసుపు కొమ్ము విరిచి వాసన చూడగానే, మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో మా నాయన తల్లి, బాపమ్మ గుర్తొచ్చింది.

ఆ ఏడు పసుపు ధర పడిపోయింది. ఇక మక్కజొన్నే వేద్దామని ఊరంతా విత్తనపు పసుపు కూడా ఉడికించి అమ్మేసింది. బాపమ్మ మాత్రం మా విత్తనాన్ని చింతచెట్టు కింద కుప్పపోసి, ఆకులు కప్పి, పైన మట్టి మెత్తింది. బడి నుంచి వచ్చిన నాకు మట్టికుప్పే కనిపించింది. నక్సలైట్ అన్నల కోసం పోలీసులు ఊళ్లు వెతికే రోజులవి. బాపమ్మ తుపాకులు దాచిందనుకున్నాను.

ఓ పగటిపూట పోలీసులు మా ఇంటికొచ్చి మంచినీళ్లడిగారు. చెంబు అందిస్తూ, ఎవరూ అడగకుండానే, "చింతచెట్టు కింద ఏం లేదు సారూ" అన్నాను.

వాళ్లు వెంటనే తవ్వారు. మొలకలెత్తిన పసుపు బయటపడింది.

"ధర లేనిదాన్ని ఎందుకు దాచినవ్?" అన్నాడొకాయన.

"దాచలే సారూ, గది విత్తనం. అందరు ఇడిసిపెట్టిన్రు గద, వచ్చే ఏడు సరుకు ఎక్కడిది? గప్పుడు ధర లేస్తది."

వాళ్లు వెళ్లాక, విరిగిన కొమ్ములు ఏరిన చేతులతోనే బాపమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. నా గౌనంతా పచ్చబడింది.

ఆ విత్తనాన్ని బాపమ్మ మా చేన్లో వేయించింది. మరుసటి ఏడు పంట చేతికొచ్చేసరికి నిజంగానే ధర లేచింది. విత్తనం కోసం ఊరంతా గంపలతో మా వాకిట్లోకొచ్చింది. అందరికీ పోసి, విత్తనానికి ఒక్క మడి ఉంచుకుని, మిగతా చేనంతా మక్క వేయించింది.

"మనకొద్దా పసుపు?" అన్నాను.

"అందరు ఏసినంక ధర నిలుస్తదా బిడ్డా? మళ్ల పడ్డంక ఏద్దాం."

నిన్న తెచ్చిన కొమ్ముల్లో ఒకదాన్ని కుండీలో పెట్టి మట్టి కప్పుతుంటే, ఏం దాస్తున్నావని మా పాప అడిగింది.

"దాస్తలేను బిడ్డా, విత్తనం" అన్నాను.